ఎత్తిన తుపాకి

పోయిన నెల మా అక్క కొడుకు ఒక కథ రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నలభై పేజీలు. వాడు తిరుపతిలోనే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మా మిద్దె మీద నిలబడి తూర్పు దిక్కు చూస్తూ పెరిగిన పిల్లోడు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఆకాశం తేటగా ఉంటే మా వీధిలో మిద్దెలన్నీ మనుషులతో నిండిపోతాయి. దూరంగా ఒక నిప్పుచుక్క లేస్తుంది, దాని వెనక తెల్లటి గీత. ఆ గీత గాలికి వంకర్లు తిరిగి కరిగిపోయేదాకా వీడు కిందికి దిగేవాడు కాదు. అట్లాంటివాడు సైన్స్ ఫిక్షన్ రాశాడంటే ఆశ్చర్యం ఏముంది? నాకు చాలా సంతోషం కలిగింది.

"సదివి చెప్పు మామా. మొగమాటం పడొద్దు" అన్నాడు.

కథ బాగానే మొదలైంది. చంద్రుడి మీద మనవాళ్ళ స్థావరం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటికి ఇంకా దక్షిణంగా, ఎండ పొడ ఎరగని ఒక గుంత అంచున కట్టారు. గుంత అడుగున మంచు. స్థావరంలో ఏడుగురు. కమాండరు ఏదో దాస్తున్నాడని మెకానిక్కు తెలిసిపోయింది. ఇరవై రెండో పేజీలో ఇద్దరూ ఎయిర్‌లాక్‌లో, అంటే బయటికీ లోపలికీ మధ్యనుండే రెండు తలుపుల గదిలో, ఎదురుపడి తుపాకులు తీశారు. అక్కడి నుంచి ఆరు పేజీలు అట్లాగే నిలబడ్డారు. "కదిలితే కాల్చేస్తా" అంటాడొకడు. "దమ్ముంటే కాల్చు" అంటాడు రెండోవాడు. నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ పోయాను. "కాల్చేస్తా" అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. చివరికి లైట్లు ఆరిపోయాయి. మళ్ళీ వెలిగేసరికి కమాండరు కింద పడి ఉన్నాడు.

ఆ ఆరు పేజీల్లో ఒక్కచోట కూడా నాకు భయం వెయ్యలేదు. వాడి వాక్యాల్లో లోపం లేదు. కమాండరు పాత్ర మీద నాకు కోపం కూడా వచ్చింది. మరి చేతుల్లో తుపాకులున్న ఇద్దరు మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడితే, చదివే నేను టీ తాగుతూ పేజీ ఎట్లా తిప్పగలిగాను? నెల రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. వాడితో రెండు సార్లు గట్టిగా వాదించాను కూడా.

నాకు తోచింది ఇది. ఎవడైనా తుపాకి ఎత్తగలడు. ఎత్తినదాన్ని కాల్చలేక, దించనూ లేక నిలబడ్డ మనిషి దగ్గరే సన్నివేశం మొదలవుతుంది. ఎందుకు కాల్చలేడు, ఎందుకు దించలేడు అన్నది వాడున్న చోటు చెప్పాలి. అక్కడి గాలి చెప్పాలి, బరువు చెప్పాలి, గోడ మందం చెప్పాలి. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళకి ఆ చోటును పునాది నుంచి తామే కట్టుకునే వీలుంది. అంత వీలు చేతిలో పెట్టుకుని, చిత్తూరు బస్టాండు వెనక సందులో జరిగినా ఒక్క ముక్క మారని సన్నివేశం రాస్తే, చంద్రుడి దాకా పోయి ఏం తెచ్చినట్టు?

చిన్నాయన చేతిలో డబుల్ బ్యారెల్

మా చిన్నాయన సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేసి వచ్చి, చిత్తూరులో ఒక బ్యాంకు బ్రాంచిలో గన్‌మ్యాన్‌గా చేరాడు. ఖాకీ బట్టలు, తలుపు పక్కన ఒక ఇనుప కుర్చీ, ఒళ్ళో డబుల్ బ్యారెల్ తుపాకి. మూడు కిలోలకు పైన బరువు. చిన్నప్పుడు ఒకసారి ఖాళీ చేసి నా చేతికిచ్చాడు. భుజానికి ఆనించి ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి నా ఎడమ చెయ్యి వణికింది.

ఆయన ఉద్యోగంలో ఒకే ఒక్కసారి ఆ తుపాకి ఎత్తాల్సి వచ్చింది. పింఛన్లు పడే రోజు. బ్యాంకు లోపలా బయటా ముసలివాళ్ళు. కౌంటరు దగ్గర ఒకడు సంచిలోంచి నాటు పిస్తోలు తీసి క్యాషియరు మొహానికి గురిపెట్టాడు. చిన్నాయన లేచి నిలబడి వాడికి గురిపెట్టాడు. వాడు తల తిప్పి ఈయన్ని చూశాడు గానీ పిస్తోలు మాత్రం క్యాషియరు మీది నుంచి కదల్చలేదు.

నేరుగా వాడి వెనక అద్దాల తలుపు. తలుపు బయట వరండాలో ఒక ముసలామె ఆకుపచ్చ చీర కట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, వేలికి ఉమ్మి తడి చేసుకుంటూ నోట్లు లెక్కపెట్టుకుంటోంది. లోపల జరిగేది ఆమెకు తెలియదు. ఆ తుపాకిలో ఉండేది చిన్న గుళ్ళు. పేలిన తర్వాత దూరం పోయేకొద్దీ విచ్చుకుంటాయి. అన్నీ ఒకే మనిషికి తగులుతాయన్న నమ్మకం లేదు. చిన్నాయన పక్కకు జరిగితే వాడు బెదిరి క్యాషియర్ని కాలుస్తాడేమో. జరక్కపోతే గురి ముందు వాడూ, వాడి వెనకాలే ఆ ముసలామె.

"వాడికి నా తుపాకి కనిపిస్తా ఉండాది. నాకు వాడు కనపళ్ళేదు రా. ఆ ముసలామె కనిపిస్తా ఉండాది" అని చెప్పాడు చిన్నాయన.

చేతుల సంగతి కూడా చెప్పాడు. ఒక నిమిషం దాటాక గొట్టం కొస గాలిలో చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టిందంట. రెండో నిమిషానికి సున్నా పెద్దదైంది. సైన్యంలో అన్నేళ్ళు చేసినా, పేల్చకుండా అంతసేపు ఎత్తి పట్టుకోవాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదన్నాడు. ఆయన లెక్కకు అరగంట అయింది. గోడ గడియారం చూసిన క్యాషియరు నాలుగు నిమిషాలే అన్నాడు. చివరికి వాడు పిస్తోలు కౌంటరు మీద పెట్టి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఒక్క తూటా కూడా పేలలేదు.

మా అక్క కొడుకు ఈ సంగతి పదిసార్లకు తక్కువ కాకుండా విన్నాడు. పండక్కి అందరం చేరితే వాడే అడిగి మరీ చెప్పించుకుంటాడు. విన్న ప్రతిసారీ ఆ ముసలామె దగ్గర వాడి మొహం బిగుసుకుంటుంది. అయినా వాడి కథలో గురిపెట్టినవాడి వెనక ఏముందో లేదు. చేతులు నొప్పి పుట్టవు. ఒకడికి తెలిసి రెండోవాడికి తెలియనిది ఏదీ లేదు.

చంద్రుడి మీద కాలిస్తే

"చిన్నతాతది బ్యాంకు మామా. నాది చంద్రుడు" అన్నాడు వాడు. సరే, చంద్రుడి మీదనే మాట్లాడుకుందాం అని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం.

గాలి లేనిచోట తుపాకి పేలుతుందా? పేలుతుంది. మందు మండడానికి కావలసిన ఆక్సిజన్ తూటా లోపలి మందులోనే కలిసి ఉంటుంది. శబ్దం మాత్రం వినపడదు. కాల్చినవాడికి చేతిలో తుపాకి వెనక్కి తన్నే తన్ను తెలుస్తుంది, అంతే. పక్కన నిలబడ్డవాడికి అది కూడా తెలియదు. పేలిందో లేదో ఎదుటివాడి సూటు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ ఒక్క సంగతి చాలు, ఒక పేజీ రాయడానికి.

తూటా ఎంత దూరం పోతుంది? సెకనుకు 400 మీటర్ల వేగంతో, ఏటవాలుగా పైకి కాల్చామనుకుందాం. చంద్రుడి గురుత్వం మన భూమిలో ఆరో వంతు. ఆపడానికి గాలి లేదు. లెక్క వేస్తే సుమారు 98 కిలోమీటర్లు వచ్చింది. తిరుపతిలో కాలిస్తే శ్రీహరికోట దాటి సముద్రంలో పడేంత దూరం. చిన్నాయనకు గురి వెనక పది అడుగుల్లో ఒక ముసలామె ఉంది. చంద్రుడి మీద గురి వెనక 98 కిలోమీటర్లు ఉన్నాయి. ఆ దారిలో ఇంకో స్థావరం ఉండొచ్చు. మంచు తవ్వడానికి పోయిన ఇద్దరు మనుషులు ఉండొచ్చు. లెక్క వేసింది నేను గానీ, దాన్ని చూసి మొదట మాట ఆగిపోయింది వాడికే.

ఎయిర్‌లాక్ లోపల కాలిస్తే? ఇక్కడ అందరికీ అలవాటైన బొమ్మ ఒకటి ఉంది. గోడకు చిల్లు పడగానే మనుషులూ కుర్చీలూ అందులోంచి బయటికి ఈడ్చుకుపోవడం. అది జరగదు. 100 ఘనపు మీటర్ల గదికి 9 మిల్లీమీటర్ల చిల్లు పడితే లోపలి పీడనం సగానికి రావడానికి గంటకు పైనే పడుతుంది. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయుజ్ నౌకలో 2 మిల్లీమీటర్ల చిల్లు కనిపించింది. లోపలున్నవాళ్ళు వెతికి పట్టుకుని, జిగురుతో పూడ్చి, పనుల్లోకి పోయారు.

ఈ మాట చెప్తే వాడు డీలా పడ్డాడు. చిల్లు పడినా ప్రమాదం లేదంటే ఇంక భయం ఎక్కడిది అని. నేనైతే ఇది కథకుడికి దొరికిన వరం అంటాను. ఒక్క క్షణంలో అందరూ చచ్చిపోతే రాయడానికి ఏమీ మిగలదు. గంటసేపు సన్నగా బుస్సుమంటూ గాలి పోతుంటే, ఇద్దరి చేతుల్లోనూ తుపాకులుంటే, చిల్లు పూడ్చడానికి ఒకడు వెనక్కి తిరగాల్సి వస్తే? ఆ వెనక్కి తిరగడం గురించి రాయాలి.

తన్ను సంగతి ఇంకోటి. బరువే తెలియని అంతరిక్ష కేంద్రంలో 80 కిలోల మనిషి 8 గ్రాముల తూటాను అదే వేగంతో కాలిస్తే, తను సెకనుకు 4 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి జరుగుతాడు. చాలా తక్కువే. కానీ పట్టుకోవడానికి ఏమీ లేకపోతే ఆగడు. రెండో తూటాకు గురి చూసేలోపే మెల్లగా గిరగిరా తిరుగుతుంటాడు.

ఇవన్నీ ఊహలే అనుకోనక్కర్లేదు. 1974 జూన్‌లో సోవియట్‌లు పంపిన సాల్యూట్-3 అంతరిక్ష కేంద్రానికి నిజంగానే ఒక ఫిరంగి బిగించారు. దాన్ని తిప్పే వీలు లేదు. గురి మార్చాలంటే కేంద్రం మొత్తాన్నీ తిప్పాలి. లోపల మనుషులుండగా దాన్ని పేల్చే ధైర్యం చెయ్యలేదు. వ్యోమగాములు దిగిపోయాక, 1975 జనవరిలో, కింది నుంచి ఆజ్ఞ పంపి పేల్చి చూశారు. తన్నుకు కేంద్రం వెనక్కి పోకుండా అదే సమయంలో ఇంజన్లు మండించాల్సి వచ్చింది. కేంద్రానికి ఫిరంగి కట్టుకున్నా, మనిషి లోపల ఉంటే పేల్చలేని పరిస్థితి. దీనికన్నా బిగువైన కథా వస్తువు నాకు చప్పున తోచడం లేదు.

వ్యోమగాముల దగ్గర చేతి తుపాకులు కూడా ఉండేవి. 1965లో సోవియట్ వ్యోమగాములు లియోనోవ్, బెల్యాయెవ్ తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి మంచు అడవిలో దిగారు. చుట్టూ తోడేళ్ళూ ఎలుగుబంట్లూ తిరిగే చోటు. ఆ అనుభవం తర్వాత 1986 నుంచి టీపీ-82 అని మూడు గొట్టాల తుపాకి ఒకటి సోయుజ్ సామానులో చేర్చారు. దిగాక అడవిలో వాడుకోవడానికి. అంటే ఏళ్ళ తరబడి ఆ తుపాకి అంతరిక్షంలోకి పోయి, ఎవరి మీదా గురిపెట్టకుండా, పెట్టెలోనే ఉండి తిరిగొచ్చింది. ఆ పెట్టె ఉందని నౌకలో అందరికీ తెలుసు. నాకు ఆ పెట్టె మీద ఒక కథ చదవాలని ఉంది.

నారాయణాస్త్రం వేసిన రాత్రి

ఈ ఆలోచన నాకు విదేశీ కథలు చదివి వచ్చింది కాదు. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడికీ ద్రౌపదమ్మ గుడికీ తిరునాళ్ళు చేస్తే పద్దెనిమిది రోజులు భారతం నడుస్తుంది. హరికథ, వీధినాటకం. అర్జున తపస్సు మాను ఎక్కడం, దుర్యోధన వధ, ఆఖరున అగ్నిగుండం. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు మా తాత వేలు పట్టుకుని పోయి విన్న హరికథ ఒకటి ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది.

ద్రోణుడు పడిపోయాడు. అశ్వత్థామ నారాయణాస్త్రం వేశాడు. దానికి ఎదురు అస్త్రం లేదు. ఎదిరించినకొద్దీ అది పెరుగుతుంది. ఆయుధం కింద పెట్టి, రథం దిగి నిలబడ్డవాణ్ణి మాత్రం అది ముట్టుకోదు. కృష్ణుడు అందర్నీ దించెయ్యమంటాడు. భాగవతార్ ఇక్కడికి వచ్చేసరికి మద్దెల ఆపించాడు. చిడతలు పక్కన పెట్టాడు. పెట్రోమాక్స్ లైటు బుస తప్ప ఏమీ వినపడలేదు. "మీ చేతుల్లో ఏముంటే అది కింద పెట్టండి సామీ" అన్నాడు జనాన్ని చూసి. ముసలివాళ్ళు చేతికర్రలు నేల మీద పెట్టారు. ఆడవాళ్ళు విసనకర్రలు పెట్టారు. మా తాత పెట్టలేదు. గొర్లు కాసే కర్ర, ముప్పై ఏళ్ళుగా చేతిలో ఉన్నది. గట్టిగా పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఒకరొకరుగా జనం మావైపు తిరిగారు. భాగవతార్ కూడా చూస్తూ ఉన్నాడు, కథ ముందుకు పోనివ్వలేదు. పక్కన కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. అస్త్రం నిజంగా వచ్చి మా తాత మీద పడుతుందనే నమ్మాను. ఆ రాత్రి ఆ పందిట్లో తుపాకి లేదు, కత్తి లేదు. ఒక కర్ర ఉంది. దాన్ని దించని ఒక చెయ్యి ఉంది.

పక్కనున్న మనిషెవరో మా తాత భుజం మీద చెయ్యి వేశాక కర్ర నేలకు తగిలింది. "అద్దీ! భీముడు దిగినాడు" అన్నాడు భాగవతార్. మద్దెల మోగింది. భారతంలో కూడా భీముడు తనంతట తను దిగడు. కృష్ణార్జునులు పోయి రథం మీది నుంచి లాగి దింపుతారు.

అస్త్రాలంటే ఇట్లా ఉంటాయి మన కథల్లో. ప్రతిదానికీ ఒక కట్టుబాటు. నారాయణాస్త్రాన్ని రెండోసారి వేస్తే వేసినవాడి మీదికే తిరుగుతుంది. దుర్యోధనుడు మళ్ళీ వెయ్యమన్నా అశ్వత్థామ వెయ్యలేడు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని ఒక రాత్రి ఘటోత్కచుడి మీద వాడేశాడు. కవచకుండలాలు కోసిచ్చి సంపాదించుకున్న ఒక్క తూటా! అది ఉన్నన్నాళ్ళూ కృష్ణుడికి నిద్ర లేదు. ఆఖరున, అశ్వత్థామా అర్జునుడూ ఎదురెదురుగా బ్రహ్మశిరోనామకాస్త్రాలు వదిలినప్పుడు, మధ్యలో వ్యాసుడూ నారదుడూ వచ్చి నిలబడతారు. అర్జునుడికి వెనక్కి తీసుకోవడం వచ్చు. అశ్వత్థామకు రాదు. ఎక్కడో ఒకచోట పడాలి గనక దాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్ళిస్తాడు. అస్త్రం నేర్చుకున్నవాడు ఉపసంహారం నేర్చుకోకపోతే, ఆ భారం ఇంకా పుట్టని బిడ్డ మీద పడింది.

ఆ కాలంలోనే మనకు రాకెట్లూ అణుబాంబులూ ఉండేవన్న మాట నేను ఎత్తడం లేదు. ఆ వాదన నాకు నచ్చదు. ఆ కథలు చెప్పినవాళ్ళకి ఒకటి బాగా తెలుసునంటున్నాను. ఆయుధానికి హద్దు గీస్తేనే వినేవాడు ముందుకు వంగి కూర్చుంటాడు. మన కొత్త కథల్లో లేజరు తుపాకికి హద్దు లేదు. తూటాలు అయిపోవు, బరువు ఉండదు, గురి తప్పదు, వెనక ఎవరూ ఉండరు. మూడు వేల ఏళ్ళ తర్వాతి ఆయుధం అంటూ పల్లెలో భాగవతార్ చెప్పిన అస్త్రం కంటే నిస్సారమైనదాన్ని రాస్తున్నాం.

ఉపసంహారం లేని ఆయుధం మన తలల మీదే ఉంది కదా అని కూడా వాడికి గుర్తు చేశాను. 2019 జనవరి 24న శ్రీహరికోట నుంచి మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహం ఎగిరింది. మేమిద్దరం ఆ రాత్రి మిద్దె మీదే ఉన్నాం. రెండు నెలల తర్వాత, మార్చి 27న, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో దాన్ని మనవాళ్ళే క్షిపణితో కొట్టారు. ముక్కలు తొందరగా రాలిపోవాలనే అంత తక్కువ ఎత్తు ఎంచుకున్నారు. చాలా భాగం రాలిపోయాయి. కొన్ని ఏడాదికి పైగా తిరిగాయి. 2007లో చైనా 850 కిలోమీటర్ల పైన చేసిన అట్లాంటి పరీక్ష ముక్కలు వేలల్లో ఉన్నాయి, ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అక్కడ పేల్చిన తూటా ఎవరికీ తగలకపోయినా ఆగిపోదు.

వాడి వాదన

వాడు ఊరికే వినే రకం కాదు. "మామా, ఇది సాహస కథ. పద్నాలుగేళ్ళ పిల్లోడు రాత్రి దుప్పట్లో దూరి టార్చిలైటు వేసుకుని సదవాల. నువ్వు చెప్పినట్టు గాలి లెక్కలూ తూటా బరువులూ పెడితే క్లాసు అయిపోతుంది" అన్నాడు.

ఇందులో నిజం ఉంది. నేనూ అట్లా చదివినవాణ్ణే. ఆ వయసులో నాకు కావలసింది వేగమే. అంతరిక్షంలో పేలుళ్ళ శబ్దం వినిపించిన కథలు ఎన్నో చదివి ఆనందించాను. ఇవాళ తప్పు పట్టుకుని ఆ ఆనందాన్ని చెరిపెయ్యలేను. భౌతికశాస్త్రం సరిగ్గా ఉన్నంత మాత్రాన కథ బతకదు. లెక్కలన్నీ సరిగ్గా ఉండి, మనుషులు చెక్కబొమ్మల్లా నిలబడ్డ కథలు కూడా చదివాను.

కానీ నేను పాఠకుడికి లెక్క చెప్పమనడం లేదు, రాసేవాడికి తెలిసి ఉండాలంటున్నాను. చిన్నాయన మాకు గుళ్ళు ఎన్ని అంగుళాలు విచ్చుకుంటాయో ఎప్పుడూ చెప్పలేదు. ఆకుపచ్చ చీర గురించి చెప్పాడు. గుళ్ళ సంగతి తెలిసినవాడికే ఆ చీర అంత స్పష్టంగా కనిపిస్తుంది. వేగం అంటావా, ఆ నాలుగు నిమిషాల కథ ఆయన చెప్తుంటే ఒక్క పిల్లాడు కూడా నీళ్ళు తాగడానికి లేచిపోవడం నేను చూడలేదు.

నాకు ఇంకో అనుమానం ఉంది, వాడు అడగనిది. అసలు తుపాకి ఎదురుపడే సన్నివేశాన్ని ఇంత ముచ్చటపడి రాయడం సరైనదేనా? తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు. 2015 ఏప్రిల్ 7న మన శేషాచలం అడవిలో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. తమ మీద దాడి చేస్తే కాల్చామని పోలీసులన్నారు. అక్కడ ఎదురు దాడే లేదని పౌరహక్కుల సంఘాలు అన్నాయి. ఆ రోజుల్లో పొద్దున పేపరు తెరిస్తే ఎక్కడ చూసినా 'ఎదురుకాల్పులు' అన్న మాటే. అప్పటి నుంచి ఆ మాట చదివినప్పుడల్లా నేను 'ఎదురు' దగ్గర ఆగిపోతాను. ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎవరి చేతిలో ఏముంది అన్నదే కదా మొత్తం సంగతి.

అందుకే ఈ సన్నివేశం రాయడం మానుకోమని వాడికి చెప్పలేదు. రాస్తే ఆ 'ఎదురు'ను అబద్ధం ఆడకుండా రాయమన్నాను. తుపాకిని ఆటవస్తువుగా చూపించే ఆరు పేజీల కన్నా, ఎత్తిన చెయ్యి ఎంత నొప్పి పెడుతుందో చెప్పే అర పేజీ ఆ పద్నాలుగేళ్ళ పిల్లోడికి మేలు చేస్తుంది. దీని మీద వాడు ఏమీ అనలేదు. కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

రెండో ప్రతి

పోయిన ఆదివారం సాయంత్రం మళ్ళీ వచ్చాడు. మిద్దె మీదే కూర్చున్నాం. ఈసారి నా చేతికివ్వలేదు, తనే చదివి వినిపించాడు.

ఎయిర్‌లాక్ అదే. మెకానిక్ అప్పుడే బయటి నుంచి వచ్చాడు, ఒంటి మీద సూటు, చేతులకు గాలి నింపిన తొడుగులు. ఆ తొడుగుతో వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలో పట్టదు. ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన చెయ్యి, వేళ్ళు ముడుచుకోవాలంటేనే నొప్పి. తుపాకి అయితే ఎత్తాడు గానీ పేల్చలేడు. ఆ సంగతి వాడికి తెలుసు, కమాండరుకు తెలియదు. కమాండరు చేతులకు తొడుగులు లేవు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. కానీ మెకానిక్ నిలబడింది సరిగ్గా బయటి తలుపుకున్న గుండ్రటి అద్దం ముందు. ఆ అద్దం అవతల, దూరంగా, గుంత అంచున రెండు చిన్న దీపాలు కదులుతున్నాయి. మంచు తవ్వడానికి పోయినవాళ్ళు తిరిగొస్తున్నారు.

"కాల్చేస్తా" అన్న మాట ఈసారి ఒక్కసారి కూడా రాలేదు. కమాండరు తొడుగు వైపు చూశాడు అన్న వాక్యం దగ్గర నేను కూర్చున్న చోటే ముందుకు వంగాను. వాడు అది గమనించాడు, కానీ ఆపలేదు.

మూడు పేజీలు చదివి అక్కడ ఆగిపోయాడు. మిగతాది రాయలేదు.

"ఎవరు దించాల మామా? మెకానిక్ దించితే కమాండరు కాలుస్తాడు. కమాండరు దించితే అబద్ధం మాదిరి ఉంటుంది. ఎన్నిసార్లు రాసినా కుదర్లేదు" అన్నాడు.

నాకూ తోచలేదు. ఇద్దరం కాసేపు ఏడుకొండల మీద లైట్లు వెలగడం చూస్తూ కూర్చున్నాం. తర్వాత వాడే ఫోను తీసి చిన్నాయనకు చేశాడు. ఆయన ఇప్పుడు పలమనేరు దగ్గర పల్లెలో ఉంటున్నాడు, టమోటా తోట చూసుకుంటూ. స్పీకరు పెట్టి అడిగాడు. "తాతా, ఆ పొద్దు బ్యాంకులో నువ్వు తుపాకి ఎట్ల దించినావు?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడు పిస్తోలు కౌంటరు మీద పెట్టాడు అనగానే మాకు కథ అయిపోయేది.

ఫోనులో కొంతసేపు ఏమీ వినపడలేదు. వెనకాల మోటారు చప్పుడు మాత్రం వస్తోంది.

"నేను దించలేదు నాయనా" అన్నాడు చిన్నాయన. "వాడు కింద కూర్చున్నాక కూడా నా తుపాకి అట్నే ఉండాది. క్యాషియరు చెప్పినాడు, ఇంక చాలన్నా అని. ఇనిపించింది. చేతులు నా మాట ఇనలేదు. వేలు రాలేదు బయటికి. మేనేజరు లేచి వచ్చినాడు. ఏం మాట్లాడలేదు. పక్క నుంచి వచ్చి గొట్టం కింద అరచెయ్యి పెట్టినాడు. బిడ్డ తలకాయ పట్టుకున్నట్టు పట్టుకొని, మెల్లంగా, చానా మెల్లంగా కిందికి వంచినాడు. ఆయన చెయ్యి కూడా వణకతా ఉండాది."

ఆ తర్వాత ఆయన టమోటా ధర గురించి ఏదో అడిగాడు. నేను జవాబు చెప్పాను.

వాడు అప్పటికే నోటుబుక్కు తెరిచి, స్థావరంలో మిగిలిన ఐదుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకుంటున్నాడు.